క్యూలోంచి ఏదీ పారెయ్యని మా సార్

మంగళవారం పొద్దున మోండా మార్కెట్ల బీరకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. మా సార్ భార్య, ఆంటీ అని పిలుస్తం. ఆమె ఎప్పుడూ నాకు ఫోన్ చెయ్యదు, చేస్తే సారే చేస్తరు. "అమ్మాయ్, మీ సార్ ఇక లేరమ్మా. తెల్లారేసరికే అయిపోయింది" అన్నది. "ఏ టైముకు ఆంటీ" అని అడిగిన. ఇంకేం అడగాల్నో తెల్వలే. కూరగాయలామె "తీస్కుంటవా, పెడ్తవా" అని గద్దిస్తే, చేతులున్న కాయ అక్కడనే పెట్టి ఆటో ఎక్కిన.

సైనిక్‌పురిల వాళ్లిల్లు. వరండాల సార్‌తోని పాటు మిలిటరీల చేసినోళ్లు, కుర్చీలున్నా కూసోకుంట నిలబడ్డరు. ఒక్కొక్కరే మాట్లాడుతున్నరు. టైమంటే టైము, మాటంటే మాట, కోపమంటే ఏందో ఎరగని మనిషి అని. ఎవరో నా దిక్కు తిరిగి "ఆఫీసు నుంచి నువ్వు రెండు మాటలు చెప్పమ్మా" అన్నరు. నాకు నోరు రాలే. మామూలుగ నా నోటికి హద్దు లేదు, బోయిగూడ గల్లీల పెరిగినదాన్ని. ఆ రోజు మాత్రం తల అడ్డంగ ఊపి పక్కకు జరిగిన. ఎందుకంటే సార్ గురించి నాకు తెల్సిన పెద్ద సంగతి ఒక్కటే, అది నా తప్పు గురించిన సంగతి. నా తప్పు వల్ల ఒక ముసలాయన ఊపిరి ఆగిపోవాల్సింది. ఇన్నేండ్ల సంది ఇంట్ల సుత చెప్పలే. ఇగ చెప్పకుంట ఉండలేను, అందుకే మీకు చెప్తున్న.

మా ఆఫీసు మారేడ్‌పల్లిల ఒక జిరాక్స్ షాపు మీద, మొదటి అంతస్తుల ఉండె. దవాఖానల ఐసీయూ సిస్టర్ల ముందట పెద్ద స్క్రీన్ ఉంటది కదా, దానికి సాఫ్ట్‌వేర్ చేసేటోళ్లం. పది రూములుంటే స్క్రీన్ మీద పది డబ్బాలు. ఒక్కో డబ్బాల ఆ పేషెంట్ ఆక్సిజన్ అంకె, గుండె అంకె. ఎవరికన్న తేడా వస్తే ఆ డబ్బా ఎర్రగయి గంట కొట్టాలె. సార్ మిలిటరీల సిగ్నల్స్ విభాగంల చేసి, రిటైరయినంక మా దగ్గరికి వచ్చిన్రు. పుట్టింది తెనాలి దిక్కు. దేశమంతా తిరిగినా ఆ యాస మాత్రం పోలే.

మేం రాసిన ప్రతి లైను ఆయన చూసి సంతకం పెట్టినంకనే బయటికి పోవాలె. కంప్యూటర్ మీద చూసేటోళ్లు కాదు. ప్రింటు తీయించి, లైను కింద స్టీలు స్కేలు పెట్టి, చేతిల పెన్సిలు పట్టుకుని చదివేటోళ్లు. స్కేలు కిందికి జరిగిందంటే ఆ లైను పాసైనట్టు. జరగలేదంటే మా పని ఖతం. ఒకసారి నా లైను కింద స్కేలు అరగంట ఆగింది. నేను రెండుసార్లు పోయి నీళ్లు తాగొచ్చిన. మూడోసారి వచ్చేసరికి "ఇది ఎవరి కోసం రాశావమ్మా? సిస్టర్ కోసమా, నీ కోసమా?" అన్నరు. నాకు ఒళ్లు మండింది. ఇంటికి పోయినంక ఆలోచిస్తే, అది నా తెలివి చూపించుకునేతందుకు రాసిన లైనే. తెల్లారి వచ్చి కొట్టేసిన.

స్కూటర్‌ను ఎప్పుడూ రోడ్డు దిక్కు మొహం పెట్టి నిలిపేటోళ్లు. ఎందుకు సార్ అంటే "పారిపోవాల్సొస్తే తిప్పుకునే టైముండదమ్మా" అనేటోళ్లు, జెర సుత నవ్వకుంట. ఫ్లాస్కుల చాయ్ కాదు, మజ్జిగ తెచ్చుకునేటోళ్లు. మేం ఎంత పరేషాన్‌ల ఉన్నా ఒక మూత మజ్జిగ పోసిచ్చి, అది తాగినంకనే ఏమైందో అడిగేటోళ్లు. నాకు ఆ మజ్జిగ అస్సలు నచ్చకపోయేది. ఉప్పు ఎక్కువ.

స్క్రీన్ ప్రోగ్రాం ఎట్ల నడుస్తదో సార్ చెప్పిన తీరులనే మీకు చెప్తా. స్క్రీన్ కాడ ఏది జరిగినా ఒక చీటీ అనుకోండి. మౌస్ కదిలినా, బటన్ నొక్కినా, రూము నుంచి కొత్త అంకె వచ్చినా, డబ్బా మల్ల గీయాల్సొచ్చినా, అలారం వచ్చినా ఒక్కో చీటీ. అన్నీ వచ్చిన వరసల క్యూ కడతయి. ప్రోగ్రాం ముందటి నుంచి ఒక్కొక్కటి తీసుకుంట, దాని పని చేసుకుంట పోతది. గానీ అలారం చీటీ పోయి యాభై మౌస్ చీటీల ఎనక నిలబడితే? అంతసేపు ఆగుదామంటే మనిషి ఆగుతడా?

ఈ క్యూను నడిపేది, స్క్రీన్ మీద బొమ్మ గీసేది మేం రాసింది కాదు, వేరేటోళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, దాన్ని లైబ్రరీ అంటం; అందుకే దాంట్ల ఒక సదుపాయం ఉంది. మనం ఒక చిన్న ఫంక్షన్, అంటే నాలుగు లైన్ల కోడ్ ముక్క, రాసిస్తే, క్యూల ఉన్న ఒక్కో చీటీని లైబ్రరీ దానికి చూపించి "ఇది నీదేనా?" అని అడుగుతది. ఔను అంటే ఆ ఒక్క చీటీని తీసి మన చేతికిస్తది. కాదంటే అది ఉన్న కాడనే ఉంటది, దాని వంతు దానికి వస్తది. క్యూ పొడుగైనప్పుడు మాత్రమే ఈ ఫంక్షన్‌ను పిలిచేటట్టు పెట్టుకున్నం. కొందరు ప్రోగ్రామర్లు అక్కరలేని చీటీలను తీసి పారేస్తరు, క్యూ తేలికైతదని. సార్‌కు అది గిట్టదు. "ఏదీ పారేయకూడదమ్మా. ఇప్పుడు మనకక్కర్లేదంటే ఎవరికీ అక్కర్లేదని కాదు" అనేటోళ్లు.

కొత్తగ చేరినోళ్లకు సార్ పెట్టే పాఠం ఒకటుండె. నేను చేరిన వారంలనే ఆఫీసుల అందర్నీ మెట్ల కాడ వరసల నిలబెట్టిన్రు. పాత క్యాలెండర్ కాగితాలు చింపి, చీటీలు రాసి, చొక్కాలకు పిన్ను పెట్టిన్రు. మా ఎండీ సుత నిలబడ్డడు. ఆయన చీటీ మీద "మౌస్ కదిలింది" అని రాసుంది. సార్ లైబ్రరీ, నేను ఆ చిన్న ఫంక్షన్. ఒక్కొక్కరి కాడ ఆగి "నీదేనా?" అని సార్ అడుగుతుంటే నేను కాదు, కాదు అనుకుంట పోతున్న. నాలుగో ఆమె చీటీ మీద అలారం అని ఉంది. నేను ఖుషీల ఆమెను బయటికి గుంజిన. సార్ స్కేలు అడ్డం పెట్టిన్రు. "నిన్ను అడిగిందేమిటి? నీదా, కాదా అని. చెప్పి ఊరుకో. తీసేవాడు తీస్తాడు."

ఎందుకట్ల అంటే, అడుగుతున్నంతసేపు లైబ్రరీ ఆ క్యూకు గొళ్లెం పెట్టుకుని ఉంటది, మధ్యల ఎవరూ దూరి వరస చెడగొట్టొద్దని. ఆ టైముల మన ఫంక్షన్ జవాబు చెప్పుడు మానేసి "ముందుగాల ఈ డబ్బా ఎర్రగ గీసియ్యి" అని మల్ల లైబ్రరీనే పిలిస్తే, గొళ్లెం తీసేదాంక ఆ పని కాదు. జవాబు వచ్చేదాంక గొళ్లెం ఊడదు. ఒకరి కోసం ఒకరు నిలబడి ఇద్దరూ ఇగ కదలరు. స్క్రీన్ మీద చివరికి గీసిన బొమ్మ అట్లనే ఉంటది, చూసేటోళ్లకు అంతా మంచిగనే ఉన్నట్టు.

ఆ రోజు మెట్ల కాడ అందరం నవ్వినం. నేనే ఎక్కువ నవ్విన.

ఏడాది తర్వాత ఒక దవాఖానల మాకు ట్రయల్ దొరికింది. సోమవారం పెట్టాలె. శుక్రవారం సార్ నా ప్రింటు మొత్తం చూసి సంతకం పెట్టిన్రు. శనివారం పొద్దున ఎండీ వచ్చి నా కుర్చీ ఎనక నిలబడి "ఏందమ్మా, ఎర్రగ అయ్యేతందుకు గింత లేటా? పెద్ద డాక్టర్ ముందట మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నడు. రెప్పపాటు లేటు అది. గానీ నాకు రోషమొచ్చింది. అలారం చీటీ కనబడ్డంక ఔను అని చెప్పి, బయటికొచ్చి, అప్పుడు గీసుడెందుకు? కనబడ్డ కాడనే ఎర్రగ గీస్తే అయిపాయె కదా అనిపించింది. ఒక్క లైను. ఆ చిన్న ఫంక్షన్ లోపటనే పెట్టిన.

మెట్ల కాడి పాఠం యాదికి రాలేదా అంటే, వచ్చింది. మంచికోసమే కదా, ఒక్క లైనుకు ఏమైతది అనుకున్న. టెస్టు చేస్తే సాఫ్‌గ నడిచింది. ఎందుకు నడవది? ఆఫీసుల మాకు ఒక్క రూము అంకెలే వచ్చేటివి. క్యూ ఎప్పుడూ పొడుగు కాలే, నా ఫంక్షన్‌ను ఎవరూ పిలువనే లేదు. సార్‌కు ఫోన్ చేద్దామని చేతిలకు తీస్కున్న. చేస్తే మల్ల ప్రింటు, మల్ల స్కేలు, సోమవారం పోయి బుధవారం అయితది. ఫోన్ పక్కన పెట్టేసిన.

సోమవారం పొద్దున పదకొండింటికి ఐసీయూల మా స్క్రీన్ ఆన్ చేసినం. "పాతది కూడా పక్కన నడవనివ్వండి" అని సార్ ఎంత చెప్పినా, రెండు స్క్రీన్లుంటే చూడటానికి బాగుండదని ఎండీ పాతదాన్ని బంద్ చేయించిండు. పన్నెండింటికి పెద్ద డాక్టర్ చూసేతందుకు వస్తడు. బల్ల కాడ డ్యూటీ సిస్టర్, ఆమె పక్కన సార్, ఎనక నేను. రూములన్నిటికి మందం అద్దాల తలుపులు. లోపల మంచం కాడి మిషన్ ఎంత మొత్తుకున్నా బల్ల దాంక వినబడదు. మా స్క్రీన్ చెప్తేనే సిస్టర్‌కు తెల్వాలె.

పదకొండున్నర దాటింది. సిస్టర్ కేస్ షీట్ రాసుకుంటున్నది, ఎండీ బయట ఫోన్‌ల ఉన్నడు. స్క్రీన్ మీద పది డబ్బాలు పచ్చగ ఉన్నయి. నేను లోపల్లోపల మురుస్తున్న. సార్ కుర్చీల ముందుకు వంగిన్రు. కండ్లద్దాలు తీసి తుడుచుకుని మల్ల పెట్టుకున్నరు.

"ఏమ్మా" అన్నరు, నా దిక్కు తిరగకుంటనే. "ఈ పదింటిలో ఒక్క అంకైనా ఇందాకట్నించి మారిందా?"

చూసిన. తొంభై ఆరు. తొంభై ఎనిమిది. తొంభై అయిదు. ఒక్కటీ కదుల్తలేదు. బతికున్న మనిషి అంకె అట్ల నిలబడి ఉండదు, ఒకటి పెరుగుతది, ఒకటి తగ్గుతది. మౌస్ పట్టుకుని కదిపిన. బాణం కదిలింది గానీ ఏది నొక్కినా ఉలుకు లేదు, పలుకు లేదు.

సిస్టర్ తలెత్తి "ఏమైంది సార్, కరెంటు గిట్ల ఎక్కువ తక్కువైందా? ఫికర్ చేయకుండ్రి, నేను ఒక్కొక్క రూము చూసొస్తా" అని లేసింది. మెల్లగనే ఒకటో రూముకు పోయింది. పేషెంట్‌ను పలకరించి, సెలైన్ చూసి, బయటికొచ్చి తలుపేసింది.

అక్కడున్న వాళ్లల్ల నాకొక్కదానికే తెల్సిన సంగతి ఒకటుంది. ఆ స్క్రీన్ ఊకెనే ఆగదు. క్యూల అలారం చీటీ కనబడితేనే నా లైను నడుస్తది, నా లైను నడిస్తేనే అది ఆగుతది. అంటే యాడనో ఒక రూముల ఎవరికో ప్రాణం మీదికొచ్చింది. ఆ మాట చెప్తే సిస్టర్ ఉరుకుతది. చెప్తే నా లైను బయటపడ్తది. మీరు నన్ను ఎన్ని తిట్టినా పడ్తా, నేను చెప్పలే. సిస్టర్ రెండో రూములకు పోయి వచ్చేదాంక చెప్పలే.

సార్ కుర్చీ తిప్పి నా మొహం చూసిన్రు.

"శుక్రవారం తర్వాత ఏమైనా మార్చావా?"

"సార్, అది... ఎండీ సారు లేటయితుందని..."

"ఔనా, కాదా?"

"ఔను సార్. అలారం వచ్చింది సార్, యాడనో. అందుకే ఆగింది."

ఏం మార్చినవ్, ఎందుకు మార్చినవ్ అని ఒక్క మాట అడగలే. ఆ వయసుల అంత దబ్బున లేస్తరని నేను అనుకోలే. "సిస్టర్! తలుపులన్నీ తీసెయ్యండి, ఎవరికో బాగాలేదు, చప్పుడు వినండి!" అని అరిచిన్రు. ఆయన పదో రూము దిక్కు ఉరికిన్రు, నేను మధ్యలకు ఉరికిన. అయిదు తీసిన, చప్పుడు లేదు. ఆరు, లేదు. ఏడో తలుపు తియ్యంగనే మిషన్ మొత్తుకునుడు చెవులల్ల పడ్డది. మంచం మీద ముసలాయన. ఆక్సిజన్ మాస్కు జారి మెడ కిందికి పోయింది. పెదవులు నేరేడు పండు రంగుల ఉన్నయి.

నేను కొయ్యబారి నిలబడ్డ. సిస్టర్ నన్ను పక్కకు నూకి లోపలికొచ్చింది, మాస్కు పెట్టింది, తల ఎత్తిపట్టింది, డ్యూటీ డాక్టర్‌ను కేకేసింది. మిషన్ మీద అరవై ఎనిమిది ఉంది. అదే అరవై ఎనిమిది ఎంతసేపు ఉందో నాకు తెల్వదు. తర్వాత అరవై తొమ్మిది. తర్వాత డెబ్భై రెండు. ఎనభై దాటినంకనే సిస్టర్ మాస్కు మీది చెయ్యి తీసింది.

బయటికొస్తే ఎండీ చెమటలు తుడుచుకుంటున్నడు. "ఆయన బతికిండు కదా, అయిపాయె. డాక్టర్ వచ్చే టైమైంది, దాన్ని మల్ల స్టార్ట్ చెయ్యి, అడిగితే కరెంటు అని చెప్దాం" అన్నడు నాతోని. సార్ బల్ల కిందికి వంగి మా స్క్రీన్ వైరు పీకేసిన్రు. పాతదాన్ని ఆన్ చేసిన్రు.

"సార్, దాని మీద మీ సంతకమే ఉంది కదా" అన్నడు ఎండీ, గొంతు పెంచి.

"ఉందయ్యా. అందుకే తీస్తున్నాను" అన్నరు సార్.

ఆ తర్వాత సంగతి చెప్పాల్నంటే చిన్నదే. పెద్ద డాక్టర్‌కు సారే ఉన్నదున్నట్టు చెప్పిన్రు. ట్రయల్ ఆగిపోయింది. ఎండీ నాతోని నెల రోజులు మాట్లాడలే. సార్ నన్ను ఎదురుంగ కూసోబెట్టుకుని, ఆ ఫంక్షన్ ప్రింటు మల్ల తీయించి, ఆ లైను కింద స్కేలు పెట్టి, పెన్సిలు నా చేతికిచ్చిన్రు. నేనే కొట్టేసిన. జెర తిట్టినా ఇంటికి పోయి నిద్రపోయేదాన్ని. చాన్నాళ్లకు అదే దవాఖానల అదే స్క్రీన్ పెట్టినం, ఇప్పటికీ నడుస్తున్నది. కొత్తగ చేరే పిల్లలకు నేనిప్పుడు మెట్ల కాడ అదే పాఠం చెప్తున్న. నవ్వేటోళ్లను చూస్తే మాత్రం నాకు భయమైతది.

గానీ వరండాల నేను చెప్పలేకపోయింది ఇవేవీ కాదు. ఆ సోమవారమే, వైరు పీకినంక, సార్ నన్ను పక్కకు పిలిచి "పద" అన్నరు.

"యాడికి సార్?"

"ఏడో గదికి. ఆయన భార్యను లోపలికి పంపారు. ఆవిడకి చెప్పాలి."

ఎండీ విన్నడు. "సార్, మీకేమన్న దిమాగ్ ఉన్నదా? కేస్ అయితది! ఆమెకు ఏం సమజైతదని?"

"అయితే అవుతుంది" అన్నరు సార్. నా దిక్కు తిరిగి "అర్థం చేసుకుంటుందో లేదో ఆవిడిష్టం. చెప్పడం నీ వంతు. నేను తలుపు దగ్గరే ఉంటాను" అన్నరు.

సార్, మీ మీద నాకు ఎంత కోపమొచ్చిందో ఆ నిమిషంల మీకు తెల్వదు. మీరే చెప్పొచ్చు కదా, పెద్దమనిషి, మీ మాట వింటరు అనుకున్న. ఇప్పుడు తెల్సింది. మీరు చెప్తే నేను ఎప్పటికీ దాచుకునేటోళ్లల్లనే ఉండిపోయేదాన్ని. ఆ ఒక్క దానికి మీకు నేను దండం పెట్టాలె, బతికున్నప్పుడు పెట్టలే.

లోపటికి పోయిన. మేడ్చల్ దిక్కు ఊరామె, తెల్ల రవికె, నెత్తి మీద కొంగు. మంచం పక్కన స్టూలు మీద కూసోని ముసలాయన కాలు పట్టుకుని ఉన్నది. ఆయన కండ్లు మూసుకుని ఉన్నడు.

"పెద్దమ్మా" అన్న. "గా బయటి స్క్రీన్ ఉంది కదా, పెదనాయినకు తక్లీఫ్ అయినప్పుడు అది సిస్టర్‌కు చెప్పాలె. చెప్పలే. అది చెప్పకపోతానికి కారణం నేను. నేను ఒకటి తప్పు రాసిన, ఎవరికీ చెప్పకుంట రాసిన. తెల్సినంక సుత జెరసేపు నోరు మూసుకున్న."

ఆమె నన్నే చూసింది. కొట్టినా బాగుండు అనుకున్న.

"నువ్వేనా బిడ్డా?"

"నేనే పెద్దమ్మా."

ఆమె చెయ్యి చాపి నా మణికట్టు పట్టి మంచం మీదికి గుంజింది. గట్టి చెయ్యి, పొలం పని చేసిన చెయ్యి. నా అరచెయ్యి తీసి ముసలాయన ఛాతీ మీద పెట్టి, పైనుంచి తన చెయ్యి పెట్టి అదిమింది.

"గిది ఆగుతుండె" అన్నది.

నేను చెయ్యి తీసుకోబోతే తియ్యనియ్యలే. బొక్కల మీద పల్చటి తోలు, కింద వేడి. ఆ ఛాతీ నా చెయ్యిని మెల్లగ పైకి లేపింది. దింపింది. జెరసేపు ఆగింది, నా పానం పోయినంత పనైంది, మల్ల లేపింది. తలుపు కాడ సార్ చేతులు కట్టుకుని నిలబడ్డరు. ఇగ పోదాం అనలే.